చైట్టియో కొండకు నీళ్ళరంగుల పెట్టెతో

గురువారం ఉదయం ఏడుంబావుకి రంగూన్ స్టేషన్లో మా బండి కదిలింది. అప్పటికే మా అత్త నన్ను తిట్టడం మొదలుపెట్టి అరగంటయింది. కారణం చిన్నదే. మూడో తరగతి పెట్టెలో ఆమెకు కిటికీ పక్కన చోటు పట్టలేకపోయాను.

"కొండల్ని సూడ్డానికి పోతా, కిటికీ నేకండా కూకోబెట్టినావేట్రా సత్తిగా?"

"పెగూ దాటేదాకా కొండల్నేవత్తా. అన్నీ వరిసేలే."

"అయితే పెగూకాడ కిటికీ సూడు."

ఇది చదివి మీలో ఎవరైనా ఆ దారి పట్టదలుచుకుంటే, మేమెందుకు పట్టామో ముందు తెలుసుకోండి. తెలిశాక మానుకున్నా నేనేమీ అనుకోను.

నేను రంగూన్లోని పబేడాన్ వీధుల్లో అంగళ్ళకి బోర్డులు రాసే పెయింటర్ని. మూడో క్లాసులో బడికీ నాకూ పడక విడిపోయాం. అక్షరాలు మాత్రం నన్ను వదల్లేదు. తెలుగు, ఇంగ్లీషు, బర్మా, ఏది కావాలంటే అది రాస్తాను. అందులో ఏది చదవగలనన్నది వేరే సంగతి. అత్త సన్యాసమ్మ మా నాన్నకి అక్క. ఆమె కొడుకు సింహాద్రి నాకు బావ, నా చెల్లెలి మొగుడు. జెట్టీలో ఆవిరి వించి నడుపుతాడు. ఓడ పొట్టలోంచి బస్తాల్ని తాడుతో పైకి లాగే యంత్రం అది.

బావకి ఎనిమిదేళ్ళప్పుడు మశూచి పోసింది. బతకడన్నారు. అత్త మొక్కుకుంది. పిల్లాడు దక్కితే సింహాచలం కొండ మెట్లలో మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర వాడి తలనీలాలు ఇస్తానని, అప్పటిదాకా ఆ తలకి కత్తి తగలనివ్వనని. బావ బతికాడు. ఆ ఏడు పోదామంటే మా తాత పోయాడు. మరో ఏడు ఓడ దొరకలేదు. తర్వాత జర్మనీ యుద్ధం. యుద్ధం అయ్యాక పెళ్ళి, పెళ్ళయ్యాక పురుళ్ళు. ఇలా పదహారేళ్ళు గడిచాయి. బావ జుట్టు నడుం దిగింది.

రోజూ దాన్ని ముడివేసి, రుమాలు చుట్టి వించి ఎక్కేవాడు. ఈ ప్రయాణానికి వారం ముందు రుమాలు జారింది. ముడి ఊడింది. తిరుగుతున్న తాడుతోపాటు జుట్టు కొన, తాడు చుట్టుకునే డ్రమ్ము మీదికి పోయింది. పక్కవాడు ఆవిరి కట్టేసేసరికి బావ తలకీ ఇనప డ్రమ్ముకీ మధ్య జానెడు చోటు మిగిలింది. కొన కోసి విడిపించారు. ఆ కోసిన జానెడు జుట్టు చూసి అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు. జెట్టీ దొర మాత్రం ఒకే మాట చెప్పాడు. సోమవారం ఉదయం ఏడు గంటల కూతకి బోడితలతో వస్తే పనుంది, లేకపోతే ఆ వించి ఇంకొకడికి.

"తీయించేసుకుంతానమ్మా. ఈపాలి పేనమే పోతాది" అన్నాడు బావ.

"తీయించేసుకో. అప్పన్న ఇచ్చిన పేనం అప్పన్నే అట్టుకుపోతాడు. మద్దిన నానెవులు?" అంది అత్త. ఆమె బెదిరించడం లేదు. నిజంగానే వణికిపోతోంది. సోమవారం లోపల సముద్రం దాటి, కొండకి పోయి వచ్చే ఓడ ఇంకా కట్టలేదు.

రంగూన్లోనే తామ్వే పేటలో మన గుడి పూజారిగారిని అడిగాం. కొండకి పోలేనివాళ్ళు కొండ పటం పెట్టుకుని తీయించుకోవచ్చు, పటం మాత్రం కొండలాగే ఉండాలి అన్నారాయన. దేవుడి పటాలు బజారు నిండా ఉన్నాయి. అత్త మొక్కింది కొండ మెట్టుకి. కొండ పటం ఎవరి దగ్గరా లేదు.

"ఓస్, కొండే కదా. మజ్జేనానికి గీసి పారేస్తాను" అన్నాను. ఈ కథలో నేను చేసిన పాపం ఈ ఒక్క మాటే.

నేను పుట్టింది రంగూన్లో. సింహాచలం చూడలేదు. చూసినవాళ్ళని అడిగితే ఒకరు సింహం పడుకున్నట్టుంటుందన్నారు, ఒకరు ఏనుగు నిలుచున్నట్టన్నారు, ఒకాయన మూడు శిఖరాలన్నాడు, ఇంకొకాయన అసలు శిఖరమే లేదన్నాడు. అందరి మాటా మన్నించి రేకు మీద పెయింటుతో ఒక కొండ వేసుకుపోయాను.

"ఇది కొండేట్రా? బోర్లించిన కూర అట్టిక" అంది అత్త. తర్వాత వాసన చూసింది. "ఈ రంగుతోనే గదా సారాకొట్టు బోరుడు రాసినావు? ఈ కుంచె దేంతో సేస్తారు?"

అబద్ధమాడి ఉంటే గొడవ లేకపోను. "పంది ఎంటికల్తో" అన్నాను.

"సీ! పందెంటికల్తో అప్పన్న కొండ రాస్తావా?"

"అప్పన్నే వరాహమూర్తి గదత్తా. సొంత ఎంటికలంటే ఆయనకేటి అబ్యంతరం?"

వీపు మీద పడ్డ దెబ్బ సంగతి రాయను. చివరికి తేలింది ఏమిటంటే, నూనె కలిసిన రంగు పనికిరాదు, మంచినీళ్ళతో కలిపేదైతేనే మడి. కుంచె కూడా శుద్ధమైన జంతువుది కావాలి. పబేడాన్లో ఒక అంగట్లో పన్నెండు బిళ్ళల నీళ్ళరంగుల పెట్టె, మందపాటి కాయితాలు, ఉడత వెంట్రుకల కుంచె దొరికాయి. ఉడత రాముడి వారధికి ఇసక మోసింది కాబట్టి అత్త ఒప్పుకుంది.

ఇక కొండ కావాలి. రంగూన్లో నిలబడి చుట్టూ తిరిగి చూస్తే ఎత్తైనవి పగోడాలూ, జెట్టీ క్రేనులూను. అప్పుడు గుర్తొచ్చాడు గురువులు. అనకాపల్లి వాడు, చైట్టో స్టేషన్ దగ్గర రైలు పట్టాల కూలీలకి మేస్త్రీ. దసరాకి మా ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ దగ్గరున్న కొండ "అచ్చం మన సింహాచలమే" అన్నాడు. ఊరు చైట్టో, కొండ చైట్టియో. ఈ తేడా మీరు టిక్కెట్టు కొనేముందు పట్టుకోండి, మేం పట్టుకోలేక కిటికీ దగ్గర పది నిమిషాలు వాదించాం. ఆ కొండని చూసి గీద్దాం, అత్త పక్కన కూచుని ఇక్కడ పెంచు, అక్కడ తుంచు అంటుంది, ఆదివారానికి వెనక్కి వస్తాం. ఇదీ ఏర్పాటు.

తొమ్మిదిన్నరకి పెగూ. బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది. బావ ప్లాట్‌ఫారం మీద మొహింగా తిన్నాడు, చేపల పులుసులో సేమ్యాలాంటిది. అత్త ఇంటినుంచి తెచ్చిన పులిహోర విప్పింది. నాకు తినే వ్యవధి లేదు, కిటికీ చోటు కోసం పోరాడుతున్నాను. ఎట్టకేలకు ఒక బర్మా ముసలాయన జాలిపడి జరిగాడు. ఊ ఫ్యూ అట ఆయన పేరు. తెల్లటి జుట్టు నడినెత్తిన ముడి వేసుకుని, చుట్టూ గులాబిరంగు పట్టు రుమాలు కట్టుకున్నాడు. కూచున్నవాడల్లా బావ ముడి చూసి లేచి నిలబడ్డాడు.

"మా కుర్రాళ్ళందరూ తెల్లవాళ్ళ క్రాపులు కొట్టించుకున్నారు. మా తాతలనాటి ముడి ఈ కలా కుర్రాడి తల మీద మిగిలిందే!" అన్నాడు బర్మాలో. కలా అంటే మనమే. సముద్రం దాటి వచ్చినవాళ్ళు.

"ఏటంతన్నాడు?" అంది అత్త. ముప్పై ఏళ్ళు రంగూన్లో ఉండి ఆమె నేర్చుకున్న బర్మా కూరల బజారు దాటి రాదు.

చెప్పాను. ముసలాయనకి మొక్కు సంగతి చెప్పాను. ఆయన అడిగింది అత్తకి, అత్త చెప్పింది ఆయనకి. రెండు గంటలసేపు నా నోరు తిరగలి తిరిగినట్టు తిరిగింది. సిట్టాంగ్ వంతెన మీద కూడా ఆగలేదు. వంతెన దాటాక ముసలాయన ముందుకి వంగి, మెల్లిగా, భక్తిగా చెప్పాడు. "మీరు పోయే కొండ మీద, అంచున, బంగారు తొడుగు వేసిన పెద్ద రాయి ఉంది. బుద్ధుడి వెంట్రుక ఒకటి దాన్ని ఆపింది. ఆ ఒక్క వెంట్రుక లేకపోతే ఎప్పుడో దొర్లి పడిపోయేది."

"ఏటంతన్నాడు?" అంది అత్త.

రెండు వేపులా మాట తిప్పీ తిప్పీ అప్పటికే అలిసిపోయాను. "అక్కడేదో రాయుందంట."

"ఏ రాయి?"

"పెద్ద రాయి."

"కొండ మీద రాయి ఉండక మామిడిపండుంతాదేటి?" అని అత్త కిటికీవైపు తిరిగింది. కొండలు అప్పుడే మొదలయ్యాయి. ఒక్కొక్కటీ రాగానే ఆమె తీర్పు చెప్పేది. "ఇది కాదు." "ఇదీ కాదు." "ఇది మరీ కాదు."

ఒంటిగంటన్నరకి చైట్టోలో దిగాం. గురువులు స్టేషన్లో ఉన్నాడు. కూలీలుండే వరస గదుల లైన్లలో అతని గది పక్కనే ఖాళీ గది ఇప్పించాడు. వేడివేడి అన్నం, గోంగూర పచ్చడి పెట్టింది వాళ్ళావిడ. బర్మాలో గోంగూరకి లోటు లేదు. మీరు వెళ్ళినా అది దొరుకుతుంది, దిగులుపడకండి. దోమలు కూడా దొరుకుతాయి.

"కొండేది?" అంది అత్త చెయ్యి కడుక్కోగానే.

గురువులు తూర్పుకేసి చూపించాడు. దూరంగా నీలంగా వరసలు వరసలుగా కొండలు.

"ఇందులో ఏది?"

"ఆ ఎనకాల, ఆటి ఎనకాలది, పిన్నీ. దగ్గిరికెల్తే మీకే తెలుస్తాది. కింద పనసచెట్లు, పైకి మెట్లు, కిందనించి సూస్తే పైనున్న గుడి కనపడదు. మన సింహాచలంకాడ మాత్తరం కనపడతాదేటి? అచ్చం అదే!"

కనపడకపోవడంలో పోలిక ఉందని ఆ రోజే మొదటిసారి విన్నాను.

శుక్రవారం ఉదయం ఐదింటికి ఎద్దుబండి. కొండ కింది ఊరికి తొమ్మిది పది మైళ్ళు. మూడున్నర గంటలు పట్టింది. బండి దిగాక నడుం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. గురువులు రెండు రోజులు సెలవు పెట్టి మాతో వచ్చాడు. యాత్రికులు పడుకునే కర్ర సత్రంలో చాపలు పరిచాం. ఉచితమే. దుప్పటి మీరే తెచ్చుకోవాలి. ఉప్పు, చింతపండు కూడా.

తొమ్మిదిన్నరకి పొలం గట్టు మీద కూచుని నా జన్మలో మొదటిసారి నీళ్ళరంగుల పెట్టె తెరిచాను. ఎదురుగా కొండ. కింద ఆకుపచ్చ, మధ్యలో నీలం, పైన మంచు. వెయ్యిన్నొక్క బోర్డులు రాసినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను.

పెయింటుకి ఒక మర్యాద ఉంది. ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. తప్పు పడితే రేపు దాని మీద ఇంకో రంగు వేసుకోవచ్చు. నీళ్ళరంగుకి ఏ మర్యాదా లేదు. ఆకాశానికి నీలం పెట్టాను, అది కొండలోకి దిగింది. కొండకి ఆకుపచ్చ పెట్టాను, అది ఆకాశంలోకి ఎక్కింది. ఇద్దర్నీ విడదీద్దామని నీళ్ళు వేస్తే ఇద్దరూ కలిసి నా లుంగీ మీదికి వచ్చారు. రెండో కాయితం తీశాను. పదకొండయింది. ఎండ ముదిరింది. ఇప్పుడు కుంచె కాయితం మీంచి ఎత్తేలోపలే రంగు ఎండిపోతోంది. ఒక గీత పక్కన ఇంకో గీత వేస్తే రెండింటి అంచులూ విడివిడిగా, కుట్లు వేసిన గోనెలాగ కనపడ్డాయి.

అత్త గొడుగు వేసుకుని నా భుజం మీంచి చూస్తోంది. "అదేటి, కొండకి గజ్జి అట్టుకుంది?"

మూడో కాయితం ఓపికపట్టి, గొణుక్కుంటూ, మధ్యాహ్నం రెండింటికి ఒక దారికి తెచ్చాను. నీలం కొండ బాగా కుదిరింది. ఇక నడుం చుట్టూ మంచు వేస్తే చాలు. మంచు తెల్లన. తెలుపు బిళ్ళ కోసం పెట్టెలో చూశాను. పన్నెండు బిళ్ళల్లో తెలుపు లేదు! మోసం చేశాడని అంగడివాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అతని తప్పేమీ లేదు. నీళ్ళరంగుల్లో తెలుపంటే కాయితమే. దాన్ని ముందే వదిలిపెట్టుకోవాలి. ఈ ముక్క నాకు చెప్పినవాడు లేడు. బోర్డు రాసేవాడికి తెలుపు ఎప్పుడూ ఆఖర్న పెట్టేది.

అప్పుడు నా తెలివి పనిచేసింది. పనిచేయకుండా ఉంటే బాగుండేది. అత్త ఆకువక్క సంచీలోంచి సున్నపుకాయ తీసి, వేలితో సున్నం తీసుకుని కొండ నడుం చుట్టూ పూశాను. తెల్లగా, మెత్తగా, అచ్చం మంచే! నా వేలుని నేనే మెచ్చుకున్నాను. బావ కూడా "ఒరే, పెయింటరంటే నువ్వేరా" అన్నాడు. ఒక చుట్ట కాల్చుకుని వచ్చి చూసేసరికి సున్నం అంచున నీలం చచ్చిపోయి గోధుమరంగుకి తిరిగింది. కొండ నడుముకి తుప్పు పట్టిన రేకు చుట్టినట్టుంది.

"ఇందాకా బాగుందిరా" అన్నాడు బావ.

"నోర్ముయ్. నీ జుట్టు కోసమే గదా ఈ సావంతా."

"నానేటి సేసేన్రా! నా జుట్టు నానడిగి పెంచుకున్నానా?"

సాయంత్రం అయిదింటికి కొండ నల్లబడింది. మూడు కాయితాలు చెడ్డాయి, ఒకటి మిగిలింది. సత్రం మెట్ల మీద అత్త పక్కన కూలబడ్డాను. సరే, రేపు ఒక్క పొద్దుట ఉంది, అసలు సంగతి తేల్చుకుందామని అడిగాను.

"అత్తా, నిజం సెప్పు. సింహాచలం ఎలాగుంతాది? ఎడమేపు వాలుంతాదా, కుడేపా?"

అత్త నములుతున్న ఆకు బుగ్గన పెట్టుకుంది. "వాలేటో నాకేటి తెల్సురా?"

"సూసినావు గదా!"

"ఎక్కినాన్రా. సూడ్డమేటి? చందనం యాత్రనాడు ఎల్లినాం. కిటకిటలాడతా జెనం. నానేమో పొట్టిదాన్ని. నా ముందర ఎవులో ఒకావిడి, పసుపు కోక. ఆవిడి ఎనకాల మెట్టు మెట్టుకీ దన్నం ఎట్టుకుంటా ఎక్కినాను. మెట్టు తెల్సు, ఆ కోక తెల్సు, గందం వోసన తెల్సు. కొండెక్కినోలికి కొండ కనపడతాదేట్రా? కాల్లకిందుంతాది."

నేను ఆమె మొహంలోకి చూశాను. వేళాకోళం లేదు. బండిలో వంతెన దాటింది మొదలు "ఇది కాదు, ఇదీ కాదు" అన్న మనిషి! రేకు మీది కొండని అట్టిక అన్న మనిషి!

"మరి ఏది కాదో ఎలాగ తెలిసింది?"

"కానిదెలాగైనా తెలుస్తాది" అంది.

కుంచె విసిరికొట్టాను. బావ దాన్ని వెతికి తెచ్చాడు. అన్నం తినకుండా, ఏడింటికే దుప్పటి ముసుగుపెట్టి పడుకున్నాను. నా వెనకాల అత్త, గురువులు ఏదో మాట్లాడుకుంటున్నారు. వినలేదు. విననని పంతం పట్టాను కూడా.

శనివారం తెల్లారకముందే లేచి పెట్టె పట్టుకుని ఒక్కణ్ణీ పోయాను. ఈసారి అత్త కోసం కాదు, బావ కోసం కాదు. ఆ కొండ నావి మూడు కాయితాలు తినేసింది, దాని అంతు చూడాలని. ఊరి పశ్చిమాన వాగు ఒడ్డున బండ మీద కూచున్నాను. మంచుకి కాయితం దానంతటదే చెమ్మగిల్లింది. ఆ చెమ్మ ఆరకముందే పలచగా నీలం పెట్టాను. అంచులు గీత పడకుండా మెత్తగా పాకాయి. నిన్న తుప్పు పట్టిన చోట ఈసారి ఏమీ పెట్టలేదు. కాయితాన్ని కాయితంలాగే వదిలేశాను. పైన శిఖరం, కింద అడివి, మధ్యలో వట్టి కాయితం. చెయ్యి వెనక్కి తీసుకుని చూస్తే అక్కడ మంచు ఉంది! నేను పెట్టని రంగు నా బొమ్మలో తిరుగుతోంది. కుడివైపు వాలు మీద ఎండ పడుతోంటే రవ్వంత పసుపు తాకించి ఆపేశాను. ఎక్కడ ఆపాలో చేతికి తెలియడం అదే మొదలు. ఎనిమిదయింది. బతుకులో నేను వేసినవాటిలో కిళ్ళీకొట్టు పేరో, సబ్బు ధరో లేనిది అదొక్కటే.

తడి ఆరని బొమ్మని రెండు చేతుల మీద మోసుకుంటూ, గట్ల మీద పరిగెత్తుతూ వచ్చాను. సత్రంలో ఎవరూ లేరు. కొండ దారి మొదట్లో జనం గుమిగూడి ఉన్నారు. తోసుకుని పోయి చూస్తే, మొదటి రాతిమెట్టుకి పసుపు రాసి, కుంకం పెట్టి ఉంది. కొబ్బరికాయ చెక్కలు. కర్పూరం. మెట్టు ముందు బావ తల వంచుకుని కూచున్నాడు. యాత్రల కాలంలో అక్కడే మకాం వేసే హిందూస్థానీ మంగలి అతని తల సగం గొరిగేశాడు. రెండో సగం ఇంకా నడుం దాకా వేలాడుతోంది.

"అత్తా! కొండ!" అని అరిచాను బొమ్మ ఎత్తి.

"ఉండ్రా, కొండ పన్లోనే ఉన్నాం" అంది.

"పటం నేకండా ఎలాగ మొదలెట్టీసినారు?"

అప్పుడు చెప్పింది. రాత్రి మాటల్లో గురువులు ఆమెకి రాయి సంగతి చెప్పాడట. వెంట్రుక సంగతి చెప్పాడట. "ఈ కొండమీన రాయి ఒక్క ఎంటిక మీన నిలబడుందంట్రా! ఒక్క ఎంటిక! ఎంటిక ఇలువ తెలిసిన కొండ ఇది. మనోడి తలంత ఇస్తే కాదంతాదా? జుట్టు అప్పన్నకే పంపుతాను. మన ఈది రావులమ్మ పైనెల ఓడెక్కుతాది, ఆవిడి సేతికిస్తాను. కత్తి పడ్డం మాత్తరం ఈ కొండ మెట్టుకాడ. ఎవులు తప్పంతారో రమ్మను."

ఎవరూ తప్పనలేదు. మెట్లెక్కబోతున్న బర్మా ఆడవాళ్ళు ఆగి, విషయం గురువులునడిగి తెలుసుకుని, "థాదు, థాదు" అంటూ, మన సాధు సాధు అన్నట్టే, చేతులు జోడించారు.

"ఈ మాట ఆ ముసిలోడు బండిలోనే సెప్పినాడంట గదా?" అంది అత్త నావైపు తిరిగి. "మీ బావే సెప్పినాడు. నువ్వు నాకేటి సెప్పినావు? పెద్ద రాయన్నావు. ఆ పూటే సెప్పుంటే బండి దిగి నేరుగా ఈ మెట్టుకాడికే రాపోదునా? నీ మూడు కాయితాలూ మిగిలును."

బావకి కూడా బర్మా వచ్చు. రోజూ జెట్టీలో మాట్లాడతాడు. మరి బండిలో వాడెందుకు చెప్పలేదు? అడిగితే, "నువ్వు సెప్తన్నావు గదాని" అన్నాడు, మంగలి చేతికింద తల కదపకుండా. ఆ క్షణంలో మిగిలిన సగం నేనే పీకేద్దును.

రెండో సగం కూడా రాలింది. బావ తల తడుముకున్నాడు. అత్త వాడి బోడినెత్తి మీద గంధం రాసి, నుదురు ఆనించి, ఏడ్చింది. పదహారేళ్ళుగా ఆమె సరిగా నిద్రపోలేదని మా చెల్లెలు చెప్పేది, ప్రతి రాత్రీ లేచి ఈ పిల్లాడి ఊపిరి చూసేదట. నేను అటు తిరిగి నిలబడ్డాను. బొమ్మ ఆరిపోతోంది.

ఏడుపయ్యాక అత్త ముక్కు తుడుచుకుని "ఏదీ, సూపించు" అంది. రెండు చేతులతో పట్టుకుని దూరంగా పెట్టి చూసింది. "బాగుందిరా. ఎక్కడిది?"

"ఎక్కడిదేటత్తా! ఇదిగో, నీ నెత్తిమీనున్నదే!"

తల ఎత్తి కొండని చూసింది. బొమ్మని చూసింది. "ఓలమ్మా, ఇంతుందేటి ఇది?" అంది. రెండు రోజులుగా దాని ముందు కూచున్న మనిషి.

తర్వాత జరిగింది రాయడానికి నాకిప్పటికీ చేతులు రావడం లేదు. అత్త బొమ్మని మెట్టు మీద పరిచి, పదహారేళ్ళ జుట్టు చుట్టలు చుట్టి దాని మీద పెట్టి, నాలుగు వేపులా మడిచేసింది.

"అత్తా! అత్తా! గుడ్డలో కట్టు!"

"గుడ్డలో కడితే అప్పన్నకేటి తెలుస్తాది? తన జుట్టు ఏ కొండకాడ తీసీసినారని అడగడా? కొండ సూపించాలా, వొద్దా?"

"అయితే బొమ్మ బయటికుండేలా మడుపు! లోపలికెట్టీసినావు!"

"బయటుంటే ఓడలో పదిమంది సేతులూ తగుల్తాయి. లోపలుంటే జుట్టుకి తెలుస్తాది, అప్పన్నకి తెలుస్తాది. నీకూ నాకూ తెలుసు. ఇంకెవులికి కావాలా?"

దీనికి జవాబు మీకు దొరికితే నాకో కార్డు రాయండి.

మధ్యాహ్నం బండి కట్టించుకుని చీకటి పడేవేళకి చైట్టో చేరాం. గురువులు భార్య మళ్ళీ గోంగూర పెట్టింది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి రంగూన్ బండి ఎక్కాం. ఈసారి కిటికీ పక్క చోటు సులభంగానే దొరికింది. అత్తకి అక్కర్లేదట, నిద్దరొస్తోందంది.

మొత్తానికి ఆ కొండ చూడదగ్గదే. కార్తీకం తర్వాత వెళ్ళండి, దారి ఆరి ఉంటుంది. సత్రంలో చోటుకి లోటుండదు, మనుషులు మంచివాళ్ళు. మేం నలుగురం పైదాకా ఎక్కనే లేదు, బంగారు రాయి చూడనే లేదు. కొండకి పోయి మొదటి మెట్టు దగ్గరే తిరిగి వచ్చిన యాత్రికులు మేమే అయ్యుంటాం. నీళ్ళరంగులు వేయదలిస్తే తెల్లారి అరగంటలో వేసెయ్యండి, సున్నం జోలికి పోకండి, వెనకాల చుట్టాల్ని నిలబెట్టుకోకండి.

సిట్టాంగ్ వంతెన దాటుతుండగా అత్త ఒళ్ళోని మూట మీద నా కన్ను పడింది. బావ తలకి పట్టిన కొబ్బరినూనె అంతా కాయితంలోకి దిగింది. నూనె పట్టిన చోటల్లా కాయితం అద్దంలా పలచబడింది. లోపలికి మడిచిన బొమ్మ వెనకవైపునుంచి మెల్లిగా తేలుతోంది. ముందు నీలం, తర్వాత శిఖరం. కిటికీలోంచి ఎండ పడ్డప్పుడు నేను వదిలేసిన తెలుపు దగ్గర బావ జుట్టు నల్లగా, మబ్బులాగ కనపడింది. కొండ కుడి ఎడమలు తారుమారయ్యాయి. నూనె ఇంకా పాకితే రంగూన్ చేరేసరికి ఏమవుతుందో, పైనెల ఓడెక్కేసరికి ఏమవుతుందో ఆ అప్పన్నకే తెలియాలి.

నిద్రలో అత్త చేతులు సడలాయి. మూట జారబోతే పట్టుకున్నాను. తిరిగి ఆమె ఒళ్ళో పెట్టలేదు.

పెగూ దగ్గర బావ మొహింగా తిని, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూచున్నాడు. బోడితల మీద గాలి తగులుతుంటే పసిపిల్లాడిలా కళ్ళు ఆర్పుతున్నాడు. తెల్లారి ఏడు గంటల కూతకి వించి దగ్గరుంటాడు.

"ఒరే, ఒకపాలి ఇలాగియ్యి. నా జుట్టు నానొకసారి సూసుకుంతాను" అన్నాడు చెయ్యి చాపి.

"జుట్టు నీదే బావా. కాయితం నాది" అన్నాను. రంగూన్ దాకా మూట ఒళ్ళోంచి దించలేదు.